నయమైన నీడ

ఎక్స్‌రే డాక్టరుకి ఒక అలవాటుంది. పాఠం చెబుతూ చెబుతూ పెన్ను మూత చెవిలో పెట్టి తిప్పుకుంటాడు. ఆ మూతనే బయటికి తీసి, లైటు పెట్టె మీద తగిలించిన ఫిల్ముకి ఆనించి, "ఇదిగో, ఇది గుండె" అంటాడు. ముందు వరసలో కూర్చున్న సిస్టర్ చూపు పక్కకి తిప్పుకునేది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆమె ఎత్తని పాత్ర లేదు, కడగని పుండు లేదు. ఒక చేత్తో వాంతి తుడిచి, ఆ చెయ్యి కడుక్కుని, అదే చేత్తో హాయిగా అన్నం తినగల మనిషి. అలాంటి మనిషికి ఆ పెన్ను మూత చూస్తే మాత్రం ఒళ్ళు జలదరించేది. రోగి ఒంట్లోంచి వచ్చేదానికి రోగి ఏం చేస్తాడు పాపం? ఇంత చదువుకున్న పెద్దమనిషికి చేతిగుడ్డ పెట్టుకోవడానికి ఏం రోగం?

ఛాతీ ఆసుపత్రిలో ఫిల్ములు గుట్టలుగా పడి ఉండేవి. వాటిని చూసే కళ్ళు రెండే, ఆ రెండూ ఈ డాక్టరువే. అందుకని పై నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. నర్సులకీ ఆరోగ్య కార్యకర్తలకీ ఛాతీ ఫిల్ము చదవడం నేర్పాలి, తేడాగా ఉన్నవాటిని వాళ్ళు ఏరి పెడితే డాక్టరు చూస్తాడు అని. ఆరు వారాలు, మంగళవారం, శుక్రవారం, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. పాఠం చెప్పే గది ఒకప్పుడు పరుపుల కొట్టు. పరుపులు పోయాయి గానీ వాటి ముక్కిన వాసన గోడలు పట్టుకుని ఉండిపోయింది. ఇరవై ఇద్దరు ఆ వాసనలో కూర్చుని నేర్చుకునేవారు. అందరిలోకీ సిస్టరే పెద్ద.

న్యాయంగా చెప్పుకోవాలంటే డాక్టరు పాఠం బాగానే చెప్పేవాడు. ఫిల్ములో మనిషి మనకి ఎదురుగా నిలబడి ఉంటాడు కాబట్టి అతని కుడి మనకి ఎడమ అవుతుందని మొదటి రోజే పది సార్లు చెప్పించాడు. ముందు పేరు చూడాలి, తరవాత ఏ పక్క ఏదో చూడాలి, తరవాత మనిషి నిండా ఊపిరి పీల్చాడో లేదో పక్కటెముకలు లెక్కపెట్టాలి, జబ్బు కోసం వెతకడం అన్నిటికంటే చివర. "జబ్బు కోసం ముందే వెతికితే దొరికి తీరుతుంది, లేకపోయినా దొరుకుతుంది" అనేవాడు. సిస్టర్ ఆ మాట పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు గీసుకుంది.

నాలుగో వారం శుక్రవారం డాక్టరు మంచి హుషారుగా వచ్చాడు. రెండు ఫిల్ములు పక్కపక్కన తగిలించాడు. పేర్ల మీద నల్ల టేపు అంటించి ఉంది.

"ఇది మొదటి రోజు తీసింది. కుడి ఊపిరితిత్తి పైభాగం చూడండి. నీడ కనిపిస్తోందా? టీబీ. ఈ పక్కది రెండు నెలలు మందు వాడాక తీసింది. ఏదీ, నీడ ఉందా?"

"లేదు సార్" అన్నారు అందరూ.

"తుడిచిపెట్టినట్టు పోయింది! కఫం పరీక్షలో ఏమీ రాలేదు. ఇంకొకడైతే ఊరుకునేవాడు. నేను ఒట్టి ఫిల్ము చూసి మందు మొదలుపెట్టించాను. ప్రెస్సులో బైండింగ్ చేసే అమ్మాయి లెండి. వచ్చే నెల పెద్ద డాక్టర్ల సమావేశంలో ఈ జంటనే చూపిస్తున్నాను."

గదిలో చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా సిస్టరే కొట్టింది. ఆ బైండింగ్ అమ్మాయికి రెండు నెలలుగా మాత్రలు ఇస్తున్నది ఆమే మరి.

ఆ అమ్మాయి మొదటిసారి రెండు నెలల కిందట వచ్చింది. ప్రెస్సు యజమాని తన దగ్గర పనిచేసే పన్నెండుమంది ఆడవాళ్ళనీ పరీక్షలకి పంపించాడు. పదకొండు మందికి ఏమీ లేదన్నారు, ఈ అమ్మాయికి మాత్రం పైభాగంలో నీడ అన్నారు. అప్పుడు ఆ అమ్మాయి చెక్కుచెదరకుండా ఉంది. దగ్గు లేదు, జ్వరం లేదు. "నాకా? నేను బాగానే ఉన్నానే" అని నవ్వింది కూడా. వెంట వచ్చిన ఆడపడుచుని పక్కకి పిలిచి, "ఇంట్లో చిన్నపిల్ల ఉందన్నారు కదా, కొన్నాళ్ళు తల్లికి దూరంగా పెట్టండి" అని చెప్పింది సిస్టరే. ఆసుపత్రి నియమాల పుస్తకంలో ఉన్నది రెండు వారాలు. సిస్టర్ అన్నది కొన్నాళ్ళు. వెనక వరస బారుగా ఉంది, వివరంగా చెప్పే తీరిక లేదు. మళ్ళీ ఎప్పుడూ ఆ కొన్నాళ్ళకి గడువు చెప్పిందీ లేదు.

ఆ తరవాత వారం వారం అమ్మాయి చిక్కిపోతూ వచ్చింది. మాత్ర పడగానే వాంతి. మూత్రం నారింజ రంగులో పోతుంటే, "సిస్టర్, నా లోపల ఏదో కుళ్ళిపోతోంది" అని ఏడ్చింది. అది మాత్రల రంగేనని సిస్టర్ నచ్చజెప్పింది. అమ్మాయి నోటికి మూడు మడతల గుడ్డ కట్టుకుని బెంచీ చివర అంచున కూర్చునేది. లేచేటప్పుడు తను కూర్చున్నచోటు తనే తుడిచి పోయేది. తన ఊపిరి అంటే తనకే రోత పుట్టింది. అది చూసి సిస్టర్, ఎంత శుభ్రమో ఈ పిల్లకి, అని మెచ్చుకుంది.

రెండో ఫిల్ముకి వచ్చిన రోజు ఆమెని చూసి సిస్టర్ ఉలిక్కిపడింది. పిరుదులు దాటే జడ ఉండేది, ఇప్పుడు జుట్టు చెవుల దగ్గరికి, మెట్లు మెట్లుగా కోసి ఉంది.

"అదేంటమ్మాయ్, జుట్టేది?"

"కోసేసుకున్నా సిస్టర్. చేతులు పైకెత్తి దువ్వుకునే ఓపిక లేదు. వదిన నన్ను ముట్టుకోదు. చిక్కుపడి అట్ట కట్టేసింది. బైండింగ్ కత్తెర ఇంట్లోనే ఉందిగా."

"పెరుగుతుందిలే" అంది సిస్టర్. కళ్ళు కాస్త పచ్చగా కనిపిస్తే చీటీ మీద రాసి డాక్టరుకి పంపింది. ఇంకో నాలుగు నెలలు వాడాల్సిందే అని చీటీ తిరిగొచ్చింది.

ఆ రోజు క్లాసులో చప్పట్లు అయ్యాక డాక్టరు అందరికీ పల్చటి కాగితాలు పంచాడు. ఒక్కొక్కరూ వచ్చి మొదటి ఫిల్ము మీద కాగితం పెట్టి, నీడ హద్దులు పెన్సిలుతో గీయాలి. అది అతని పద్ధతి. "కన్ను దాటేసినా చెయ్యి పట్టుకుంటుంది" అనేవాడు. సిస్టర్ వంతు వచ్చింది. నీడకి ఎడమ అంచు, కుడి అంచు పట్టుకుని పెన్సిలు పైకి పోనిచ్చింది. పెన్సిలు ఊపిరితిత్తి కొస దాకా వెళ్ళి ఆగాలి. ఆగలేదు. కాలర్ బోన్ దాటింది. ఊపిరితిత్తి గీత దాటింది. మెడలోకి ఎక్కి ఇంకా పైకి పోయింది, ఫిల్ము అంచు దాకా.

ఊపిరితిత్తిలో జబ్బు ఊపిరితిత్తిలో ఉండాలి గానీ మెడ పక్కన గాల్లో ఎందుకుంటుంది? సిస్టర్ కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వంగింది. నీడ లోపల సన్నటి గీతలు, కుడి నుంచి ఎడమకి ఒకటి, ఎడమ నుంచి కుడికి ఒకటి, ఒకదాని మీంచి ఒకటి పోతూ ఉన్నాయి. మూడు పాయలు.

ఆ నీడ మందుతో పోలేదు. కత్తెరతో పోయింది.

"సార్, ఇది జడ అనుకుంటానండీ" అంది మెల్లగా.

డాక్టరు నవ్వాడు. "సిస్టర్, నీడ ఉందా? ఉంది. మందు వేశామా? వేశాం. నీడ పోయిందా?"

"పోయింది సార్. జుట్టు కూడా పోయింది. కోసేసుకుంది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరు మొహం మాత్రం బిగుసుకుంది. "నాలుగు వారాలకే నాకు పాఠం చెప్పేంతవారయ్యారా? మందు సగంలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. రేపు వాళ్ళింట్లో చిన్నపిల్లకి కూడా అంటుకుంటే ఆ పాపం మీరు మొయ్యగలరా? కూర్చోండి."

కూర్చుంది. ఆ ఒక్క మాట ఆమె నోరు కట్టేసింది. తను గనక పొరబడితే డాక్టరు అన్నదంతా నిజమే అవుతుంది. పొరబడకపోతే మాత్రం, జబ్బే లేని మనిషి చేత ఇంకో నాలుగు నెలలు కాలేయం పాడయ్యేలా మాత్రలు తనే మింగించాలి. నీళ్ళ గ్లాసు కూడా తనే అందించాలి. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చేతులు ఎన్నిసార్లు కడుక్కుందో ఆమెకే తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఎక్స్‌రే గదికి వెళ్ళింది. ఫిల్ములు తీసే మనిషిని ఆసుపత్రంతా ఊపిరి బాబాయి అంటుంది. "ఊపిరి పీల్చు, పట్టు, వదులు" అని ఇరవై ఏళ్ళు అరిచిన గొంతు అది. సిస్టర్ వెళ్ళేసరికి మాట్లాడకుండా కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు. గోడకి తగిలించిన పెట్టెలోంచి ఒక ఆడగొంతు మాట్లాడుతోంది. "ఊపిరి పీల్చండి. పట్టి ఉంచండి. వదలండి."

"ఇదెప్పుడు పెట్టారు బాబాయ్?"

"మూడు నెలలైంది. నా గొంతు మొరటుగా ఉందని ఎవరో పైకి రాశారంట. పెట్టె తెచ్చి తగిలించారు. ఇప్పుడు అదే మాట్లాడుద్ది, నేను మీట నొక్కుతా. అంతే."

"ఇదివరకు నువ్వు జడ ఎత్తి కట్టుకోమనేవాడివి కదా, గొలుసు తీయమనేవాడివి. అది చెబుతుందా?"

"దానికి ఊపిరి ఒక్కటే వచ్చు. జడ రాదు."

"మరి నువ్వు చెప్పొచ్చుగా?"

"నన్నెవరడిగారు?" అన్నాడు బాబాయి. అందులో ఎంతో గెలిచినట్టు ఒక చిన్న నవ్వు. "నోరు మూసుకోమన్నారు, మూసుకున్నా."

సిస్టర్‌కి ఆ నవ్వు చూసి డాక్టరు పెన్ను మూతే నయమనిపించింది. ఈ మహానుభావుడు అలిగాడు. అలిగి కళ్ళ ముందు జడ వేలాడుతుంటే చూస్తూ మీట నొక్కాడు. ప్రెస్సు నుంచి వచ్చిన పన్నెండుమందిలో మిషన్ల దగ్గర పనిచేసే పదకొండు మందీ జుట్టు ముడేసుకుని వచ్చారు, ఎప్పుడూ అలాగే ఉంటారు కాబట్టి. చేత్తో కుట్టే ఆ అమ్మాయి ఒక్కతే జడతో వచ్చింది. ఈయన అలక వెళ్ళి ఆ పిల్ల మెడకి చుట్టుకుంది.

"నాకొక ఫిల్ము తియ్యి" అంది.

"నీకా? చీటీ ఏది?"

"చీటీ నేనే రాస్తా, నా పేరే రాసుకో. లేదంటే జడ సంగతి కూడా పైకి రాస్తా. ఏది రాయమంటావ్?"

బాబాయి లేచి కొత్త ఫిల్ము ఎక్కించాడు. సిస్టర్ ముడి విప్పింది. సగం నెరిసినా లావు తగ్గని జుట్టు. తడి చేసి, బిగించి జడ అల్లి, కుడి భుజం మీంచి ముందుకి వేసుకుంది. చల్లటి పలకకి ఛాతీ ఆనించి నిలబడింది. ఊపిరి పీల్చమంది పెట్టె. పీల్చింది. జడ సంగతి అదేమీ అడగలేదు.

కోర్సు ఆఖరి రోజున ఒక ఆనవాయితీ పెట్టాడు డాక్టరు. నేర్చుకున్నవాళ్ళే తలా ఒక ఫిల్ము తేవాలి, పేరు మూసి తగిలించాలి. డాక్టరు చూసిన వెంటనే చదివి వినిపిస్తాడు. గురువు చదువు ఎంత చురుగ్గా ఉంటుందో శిష్యులు కళ్ళారా చూడాలన్నమాట. ఆ రోజు ఏడు ఫిల్ములు అలవోకగా చదివేశాడు. ఒక్కో దానికీ అర నిమిషం పట్టలేదు. ఎనిమిదోది సిస్టర్‌ది.

పెన్ను మూత ఒక చుట్టు తిరిగి చెవిలోంచి బయటికొచ్చింది. "ఆడమనిషి. వయసు నలభై దాటింది. గుండె బాగుంది. కుడి పైభాగం చూడండి, మీలో ఎవరైనా చెప్పగలరు ఇప్పుడు. టీబీ. బాగా ముదిరింది. ఈ మనిషి ఈపాటికి మందు మీద ఉండాలి. ఎవరి పేషెంటు ఇది? మందు మొదలుపెట్టారా?"

"లేదు సార్" అంది సిస్టర్. "అది నా ఛాతీ. ఆ నీడ నా జడ."

డాక్టరు ఫిల్ము వైపు చూశాడు, సిస్టర్ తల వైపు చూశాడు. "కావాలని తీయించుకున్నారా? ఇది మోసం!"

"మోసమే సార్. నేను చేశాను. ఆ అమ్మాయి చెయ్యలేదు. నిలబడమంటే నిలబడింది, అంతే."

వెనక బల్ల నుంచి ఎవరో అన్నారు, "సార్, ఆ రెండు ఫిల్ములూ ఒకసారి పెట్టండి సార్." డాక్టరు వినిపించుకోనట్టు కాగితాలు సర్దుకున్నాడు. సిస్టరే లేచి వెళ్ళి బల్ల మీది కట్టలోంచి వాటిని తీసి తన ఫిల్ము పక్కన తగిలించింది. ఒక్కొక్కరే లేచి దగ్గరికొచ్చారు. మెడలోకి ఎక్కిన నీడ. మూడు పాయలు. ఒకసారి కనిపించాక ఇంకా కనిపించకుండా ఎక్కడికి పోతుంది? చప్పట్లు కొట్టిన ఇరవై ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నేల చూపులు చూశారు.

డాక్టరు ఆమెని తన గదికి పిలిచాడు. తలుపు వేసి, కుర్చీ చూపించి, గొంతు మార్చాడు. "ఇంత రచ్చ ఎందుకు సిస్టర్, నాతో విడిగా చెబితే సరిపోయేది కదా." సిస్టర్ చెప్పిన సంగతి ఆయనకి గుర్తే లేనట్టుంది. ఒక కాగితం తీసుకుని చకచకా రాసి ఇటు తోశాడు. "పూర్తిగా నయమైంది. మందు ఆపవచ్చు" అని ఉంది.

"నయమైంది అని రాశారేంటి సార్?"

"మందు ఆగుతుందిగా? మీకు కావాల్సింది అదేగా?"

"నయమైందంటే జబ్బు ఉండేదనేగా అర్థం. ప్రెస్సువాళ్ళు రానివ్వరు. ఆ ఇంట్లో ఆ అమ్మాయి కంచం జన్మంతా విడిగానే ఉంటుంది. లేదు అని రాయండి. ఎప్పుడూ లేదు అని."

"లేదని రాస్తే మరి రెండు నెలలు మందెందుకిచ్చారని అడుగుతారు."

"అడగాలి కదండీ" అంది సిస్టర్.

డాక్టరు కాసేపు గోడకేసి చూశాడు. ఇరవై ఇద్దరూ చూశారన్న సంగతి ఆ గోడ మీద రాసి ఉన్నట్టుంది, కాగితం నలిపి పారేసి ఇంకోటి అందుకున్నాడు. "వ్యాధి లేదు. గతంలో కూడా లేదు. సాంకేతిక కారణాల వల్ల పొరపాటు జరిగింది." సంతకం చేసి ముద్ర వేశాడు. వేసి, హమ్మయ్య అని వెనక్కి వాలి, నవ్వాడు.

"మీ కన్ను మంచి కన్ను సిస్టర్. వచ్చే బ్యాచికి నాకు తోడుగా మీరూ చెప్పండి. అన్నట్టు, ఆ మీ ఫిల్ము నాకివ్వండి. సమావేశంలో ఈ రెండిటి పక్కన పెడితే అదిరిపోతుంది. జడ పొరపాట్ల మీద ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదు."

రెండు నెలల కిందట టీబీ అయింది, మొన్న నయమైన టీబీ అయింది, ఇప్పుడు జడ పొరపాటు అయింది. ఏదైనా సరే, ఆయనకి చప్పట్లే. ఆ అమ్మాయి ఎలా ఉంది అని మాటవరసకైనా అడగలేదు. సిస్టర్ నోటి నిండా చేదు ఊరింది. ఉమ్మేయాలనిపించింది గానీ ఆ గదిని కూడా తనలాంటిదే ఎవరో తుడవాలి.

"ఇవ్వను సార్" అని చెప్పి, ఫిల్ము చంకలో పెట్టుకుని, కాగితం పట్టుకుని బయటికొచ్చింది.

అమ్మాయి ఇల్లు బస్సు దిగి పది నిమిషాలు నడిస్తే వస్తుంది. ఇరుకు సందులో రెండు గదుల ఇల్లు, వెనక బట్టలుతికే చోటు, దాని పక్కన సామాన్ల కొట్టు. కొట్టులోనే మంచం వేశారు. విరిగిన కుర్చీలకీ పాత డబ్బాలకీ మధ్య అమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. సిస్టర్‌ని చూడగానే గుడ్డ ముక్కు మీదికి లాక్కుంది. కొట్టు వాకిట్లో ఆడపడుచు మూడేళ్ళ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని నిలబడింది.

"అది తీసెయ్యమ్మాయ్" అంది సిస్టర్. "నీకు జబ్బు లేదు."

"నయమైందా?"

"నయం కాలేదు. అసలు లేదు. ఎప్పుడూ లేదు. ఫిల్ములో పడింది నీ జడ. దాన్ని చూసి జబ్బు అన్నారు."

అమ్మాయి ఆ మాట అర్థమయ్యేదాకా కదల్లేదు. చెయ్యి తలమీదికి పోయి, అక్కడేమీ దొరక్క, దిగిపోయింది. "జడా?" అంది. తరవాత ఏడవలేదు, నవ్వలేదు. "రెండు నెలలు నా పిల్ల మొహం తలుపు సందులోంచి చూశాను సిస్టర్" అంది. సిస్టర్ తను తెచ్చిన కాగితం అందించింది.

అచ్చయిన కాగితమల్లా చదివే అలవాటు ఆ అమ్మాయికి పనిలోనే అబ్బింది. పై నుంచి కింది దాకా నిదానంగా చదివింది. ఒకచోట వేలు పెట్టి ఆగింది.

"పొరపాటు జరిగింది అని ఉంది. ఎవరు చేస్తే జరిగింది?"

సిస్టర్ కాగితం మీదికి వంగింది.

"మా ప్రెస్సులో ఒక ఫారం, అదే పదహారు పేజీల మడత, తారుమారుగా కుట్టామనుకోండి, పుస్తకం తిప్పి చూస్తారు. అట్ట లోపల కుట్టినవాళ్ళ నంబరు ఉంటుంది. నాది ఏడు. తిట్లు తినాలన్నా నేనే తినాలి, మళ్ళీ విప్పి కుట్టాలన్నా నేనే కుట్టాలి. ఈ కాగితం మీద నంబరేదీ?"

డాక్టరు పేరు సిస్టర్ నాలుక చివరికొచ్చింది. బాబాయి అలక వచ్చింది, గోడ మీది పెట్టె వచ్చింది. అన్నీ నిజాలే, ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఈ కొట్టులో ఈ మంచం వేయించిన మాట మాత్రం తనది. గడువు చెప్పని మాట. కళ్ళు పచ్చబడుతుంటే చీటీ రాసి పంపి చేతులు దులుపుకుంది కూడా తనే. సిస్టర్‌కి తన మీద తనకి ఎంత రోత పుట్టిందంటే ఇన్నాళ్ళూ డాక్టరు మీద పడ్డ అసహ్యమంతా దాని ముందు ఏపాటి కాదు.

చేతిసంచిలోంచి పెన్ను తీసింది. "జరిగింది" కొట్టేసి, పైన "చేశాము" అని రాసింది.

అమ్మాయి చూసింది. "చేశాము అంటే ఎంతమంది? నా దగ్గరికి వచ్చింది మీరొక్కరే కదా."

సిస్టర్ "ము" కొట్టేసింది. "ను" అని రాసింది. కింద సంతకం పెట్టింది.

"ఇప్పుడు గట్టిగా చదవండి. వదిన వినాలి. నేను చెబితే నమ్మదు."

సిస్టర్ వాకిట్లోకి నడిచి చదివింది. వ్యాధి లేదు, గతంలో కూడా లేదు అన్నది ఒక్కసారి చదివింది. పొరపాటు చేశాను అన్నది రెండుసార్లు చదివింది. ఆడపడుచు నోటి మీద చెయ్యేసుకుంది. "అయ్యో, మీరు చెప్పబట్టే కదండీ మేము..." అని ఆగిపోయింది. పట్టుకున్న పిల్ల చెయ్యి వదిలేసింది.

అమ్మాయి మూతికున్న గుడ్డ లాగేసి, మంచం దిగి, మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాచింది. "రావే చిట్టీ" అంది.

పిల్ల రెండడుగులు వేసి ఆగింది. అమ్మని చూసింది, అత్తని చూసింది. తరవాత సిస్టర్ వైపు తిరిగి, "వెళ్ళొచ్చా?" అని అడిగింది.